పెంపకమునకు లొంగని ప్రాణులు

రెండవ ప్రపంచ సంగ్రామము ముగియవచ్చిన కాలమున, న్యూయార్కు రాష్ట్రములో పెర్ల్ రివర్ అను చిన్న యూరియందలి లెడర్లీ ఔషధ పరిశోధనాలయమునకు నానాప్రాంతముల నుండి మట్టి నమూనాలు వచ్చి చేరుచుండెను. అచ్చటి పరిశోధనలకు అధిపతి భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మట్టిని శోధించు పని చేపట్టినవాడు బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు. విశ్వవిద్యాలయమున ఆచార్యత్వము చాలించి, డెబ్బది యేండ్లు దాటి, విశ్రాంతి గొనవలసిన వయస్సులో మరల ప్రయోగశాలలో ప్రవేశించిన వృద్ధుడు. పూర్వము తాను బోధించిన మిస్సోరి విశ్వవిద్యాలయము నుండి అతడు కోరి తెప్పించుకొన్న నమూనాలలో, శాన్‌బోర్న్ ఫీల్డ్ అను ప్రయోగక్షేత్రమందలి 23వ మడి మట్టి యొకటి. ఆ మట్టిని నీటిలో కలిపి, పలుమార్లు పలుచన చేసి, పోషకద్రవ్యము నింపిన పళ్లెముపై పరచగా, బంగారు వన్నె గల యొక స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి మొలచెను. దాని స్రావము నుండి లభించిన మందే 1948లో లోకమునకు వెల్లడియైన ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో అదియే మొదటిది. ఆ సంవత్సరము ఆగస్టు మాసముననే సుబ్బారావు పరలోకగతుడయ్యెను.



సుబ్బారావుగారి పేరు వచ్చినప్పుడెల్ల ఈ వృత్తాంతమును మనము విజయగాథగా చెప్పుకొందుము. అది విజయగాథయే, సందేహము లేదు. కాని అందులో మన దృష్టి సాధారణముగా నిలువని సంగతి యొకటి కలదు. డగ్గరు పళ్లెముపై పెరిగినవి మాత్రమే డగ్గరు కంటబడినవి. ఆ 23వ మడి మట్టిలోనే యుండి, ఆ పళ్లెమునందలి భోజనము రుచింపకయో, వేడి సరిపడకయో, తోడు లేకయో పెరుగ నిరాకరించిన జీవులెన్ని, అవి యెట్టివి, అవి యేమేమి పదార్థములను చేయగలవి అను ప్రశ్నకు ఆనాడు సమాధానము లేదు. సమాధానము వెదకు మార్గమును లేదు. ఆ మార్గము దొరకుటకు మరి నాలుగు దశాబ్దములు పట్టెను. అది సూక్ష్మదర్శినిలో గాని, పళ్లెములో గాని దొరకలేదు. జీవుల డి.ఎన్.ఏ.ను అక్షరాక్షరముగా చదువు సీక్వెన్సింగ్ విద్యలో దొరికినది.

పళ్లెపు పద్ధతికి మూలపురుషుడు రాబర్ట్ కోఖ్. రోగమును కలిగించు క్రిమిని తక్కినవాని నుండి విడదీసి, ఒంటిగా పెంచి చూపినగాని నేరము దానిదేయని నిరూపింపరాదు గనుక, శుద్ధమైన పెంపకము ఆయన శాస్త్రమునకు ప్రాణమయ్యెను. మొదట జెలటిన్ వాడిరి. అది వేసవి వేడికే కరిగి నీరగుచుండెను. అప్పుడు ఆయన ప్రయోగశాలలో పని చేయుచుండిన వాల్టర్ హెస్సే అను వైద్యుని భార్య ఫానీ హెస్సే, తన వంటలలో వాడుకొను అగర్ అను సముద్రనాచు పదార్థమును వాడి చూడుడని సలహా యిచ్చెను. మన యిండ్లలో చైనాగ్రాస్ అను పేర పాలతో కాచి, గడ్డకట్టించి, పిల్లలకు పెట్టునది అదియే. 1882లో కోఖ్ తన క్షయరోగ పరిశోధనను ప్రకటించినప్పుడు అగర్‌ను పేర్కొనెనే గాని ఆ యిల్లాలి పేరు చెప్పలేదు. లోకమందలి సూక్ష్మజీవశాస్త్రమంతయు నేటికిని ఆమె వంటయింటి జ్ఞానముపై నిలిచియుండగా, పాఠ్యపుస్తకములలో ఆమెకు ఒక వాక్యమైనను దక్కుట యరుదు.

రోగక్రిముల విషయమున ఆ పద్ధతి అద్భుతముగా పనిచేసెను. మట్టి విషయమునను, నీటి విషయమునను మాత్రము ఒక చిక్కు మొదటి నుండియు కనబడుచునే యుండెను. ఒక గ్రాము మట్టిని రంగు వేసి సూక్ష్మదర్శిని క్రింద చూచినచో సూక్ష్మజీవులు కోట్లకొలదిగా, సారవంతమైన నేలలో వందకోట్ల వరకును కనబడును. ఆ మట్టినే పళ్లెముపై పరచినచో పెరుగునవి వానిలో నూటికి ఒక్కటియు ఉండవు. 1985లో జేమ్స్ స్టాలీ, ఆలన్ కోనోప్కా అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు ఈ వ్యత్యాసమునకు ‘మహా గణన వైపరీత్యము’ అను నర్థము వచ్చు పేరు పెట్టి, దానిని అందరి దృష్టికి తెచ్చిరి. కనబడుచున్నవి చచ్చిన కణములని సమాధానపడినవారు కొందరు. తమ పళ్లెములలో లోపమున్నదని యొప్పుకొన్నవారు కొందరు. రెండవవారి మాటయే నిజమైనదని తరువాత తేలినది. సంపన్నమైన ఆహారమునకు అలవాటుపడిన కొద్దిపాటి జీవులు పళ్లెముపై ఒక్క రాత్రిలో విజృంభించి, మితాహారముతో నెమ్మదిగా బ్రతుకు తక్కిన వానిని కప్పివేయుచుండెను.

ఈ చిక్కునకు పరిష్కారము మొదట సూచించినవాడు ఆ పరిష్కారమును వెదకుచుండినవాడు కాడు. ఇలినాయ్ విశ్వవిద్యాలయమున కార్ల్ వోస్ అను శాస్త్రజ్ఞుడు జీవజాతుల పుట్టుపూర్వోత్తరములను తేల్చుటకు అన్ని జీవులలోను సమానముగా నుండు వస్తువేదియని యోచించి, రైబోసోమును ఎన్నుకొనెను. ప్రతి కణములోను ప్రోటీనులను నిర్మించు యంత్రమది. అది లేక జీవము లేదు. బ్యాక్టీరియాలలో దాని చిన్న భాగమునకు అస్థిపంజరము వంటి ఆర్.ఎన్.ఏ. పేరు 16ఎస్, దాని నిడివి సుమారు 1500 అక్షరములు. ఆ యక్షరములలో కొన్ని భాగములు కోట్ల యేండ్లు గడచినను మారక నిలుచును; కొన్ని భాగములు జాతిజాతికిని మారుచుండును. మారని భాగము పట్టుకొనుటకు, మారు భాగము గుర్తుపట్టుటకు పనికివచ్చునన్నమాట. వోస్, ఆయన సహచరుడు జార్జి ఫాక్స్ కలిసి 1977లో ప్రకటించిన ఫలితము జీవశాస్త్రమును కుదిపివేసెను: మీథేన్ వాయువును పుట్టించు కొన్ని సూక్ష్మజీవులు చూపునకు బ్యాక్టీరియాల వలెనే యున్నను, వంశమునుబట్టి చూడగా వానికంటె సర్వథా భిన్నమైన మూడవ కొమ్మకు చెందినవి. నేడు ఆర్కియాయని పిలువబడునవి అవియే.

వోస్ పనియంతయు పెంచిన జీవులతోనే జరిగినది. జీవిని పెంచుట యెందుకు, మట్టిలో నుండియు నీటిలో నుండియు నేరుగా ఆ రైబోసోము జన్యువును తీసి చదువరాదా యని మొట్టమొదట గట్టిగా అడిగినవాడు నార్మన్ పేస్. ఆయనయు ఆయన శిష్యులును 1980లలో ఎల్లోస్టోన్ ఉద్యానవనమందలి ఆక్టోపస్ స్ప్రింగ్ అను ఉష్ణగుండములో ఈ ప్రయత్నము చేసిరి. ఆ యెల్లోస్టోను గుండములలో నుండియే 1960లలో థామస్ బ్రాక్ వెలికితీసిన థర్మస్ ఆక్వాటికస్ అను బ్యాక్టీరియా, కాలక్రమమున డి.ఎన్.ఏ.ను లక్షలరెట్లుగా పెంచు పి.సి.ఆర్. పద్ధతికి ఎన్‌జైమును దానము చేసి, పేస్ మార్గమును సుగమము చేసెను. కోవిడ్ కాలమున మనమందరము ముక్కులో పుల్ల పెట్టించుకొని చేయించుకొన్న పరీక్ష పేరులోని పి.సి.ఆర్. అదియే.

1990లో స్టీఫెన్ జియోవనోనియు ఆయన సహచరులును అట్లాంటిక్ మహాసముద్రమందలి సర్గాసో సముద్రజలముల నుండి 16ఎస్ జన్యువులను తీసి చదివి, ఎవ్వరు నెన్నడును పెంచియెరుగని యొక వంశమును కనుగొనిరి. దానికి సార్-11 అని పేరిడిరి. ఎక్కడ వెదకినను అదియే. ప్రపంచ సముద్రముల ఉపరితల జలములలోని సూక్ష్మజీవకణములలో ఇంచుమించు నాల్గవపాలు దానివేయని నేటి యంచనా. భూమిపై అత్యధిక సంఖ్యలో నున్న ప్రాణులలో ఒకటి, నూరేండ్ల సూక్ష్మజీవశాస్త్రము కన్నుగప్పి తిరుగుచుండెనన్నచో, పళ్లెపు పద్ధతి యెంత సంకుచితమైన కిటికీయో తెలియుచున్నది.

ఒక్క జన్యువును మాత్రమే చదువుట వలన ఎవరెవరున్నారో తెలియును. ఎవరేమి చేయగలరో తెలియదు. అది తెలియవలెనన్నచో నమూనాలోని డి.ఎన్.ఏ. సమస్తమును చదువవలెను. ఒక చోటనున్న సూక్ష్మజీవులన్నిటి డి.ఎన్.ఏ.ను కలిపి ఒక్కటిగా భావించి, 1998లో జో హాండెల్స్‌మన్ దానికి మెటాజీనోమ్ అని పేరిడెను. ఆ విద్యకు మెటాజీనోమిక్స్ అను పేరు స్థిరపడినది.

ఈ పని యెట్లు జరుగునో కొంచెము వివరముగా చెప్పుట యవసరము. మట్టియైనచో సేకరించిన వెంటనే గడ్డకట్టించుదురు. లేనిచో సీసాలో నున్న కొద్ది గంటలలోనే కొన్ని జాతులు పెరిగి, కొన్ని నశించి, నమూనా తారుమారగును. నీరైనచో మిల్లీమీటరులో అయిదువేలవ పాలు మాత్రమే వెడల్పుగల రంధ్రములున్న వడపోత కాగితము గుండ పోసి, కాగితముపై నిలిచిన కణములను తీసికొందురు. తరువాత సన్నని గాజుపూసలతో గిలకొట్టి, సబ్బు వంటి ద్రావణముతో కణముల గోడలను పగులగొట్టి, డి.ఎన్.ఏ.ను వేరుచేయుదురు. మట్టి విషయమున నొక పేచీ యున్నది: కుళ్లిన ఆకులలములనుండి పుట్టిన గోధుమరంగు హ్యూమిక్ ఆమ్లములు డి.ఎన్.ఏ.తో కూడ వచ్చి, తరువాతి రసాయనక్రియలను చెడగొట్టును. వానిని వదలించుకొనుటకే ప్రయోగశాలలో సగము శ్రమ వ్యయమగును. ఇట్లు శుద్ధి చేసిన డి.ఎన్.ఏ.ను చిన్నచిన్న తునకలు చేసి యంత్రమున కెక్కించినచో, అది ఎ, టి, జి, సి అను నాలుగక్షరముల వరుసలను కోట్లకొలదిగా చదివి యిచ్చును. మిక్కిలి వాడుకలో నున్న యంత్రములు ఒక్కొక్క తునకకు నూటయేబది యక్షరముల చొప్పున చదువును. 2014 నుండి వాడుకలోనికి వచ్చిన నానోపోర్ యంత్రము అరచేతిలో నిముడునంత చిన్నదయ్యును, వేలకొలది యక్షరముల పొడవుగల తునకలను ఏకధాటిగా చదువగలదు.

అసలు కష్టము చదివిన తరువాత మొదలగును. పూర్వకాలపు సంస్థానమున నొక గ్రంథాలయములో తాళపత్రగ్రంథముల త్రాళ్లన్నియు తెగి, ఆకులన్నియు పెళుసెక్కి ముక్కలై, వేయి గ్రంథముల తునకలు ఒకే గదిలో రాశిపడినవనుకొందము. అదృష్టవశమున ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులున్నవి. కాని పగులు ఒక్కొక్క ప్రతిలో ఒక్కొక్కచోట పడినది. పరిష్కర్తయగు పండితుడు ఒక తునక చివరి యక్షరములును మరొక తునక మొదటి యక్షరములును ఒకటియైనచోట రెంటిని అతికించుకొనుచు పోవును. అతికిన భాగములలో ఏవేవి ఒకే గ్రంథమునకు చెందినవో వ్రాయసగాని దస్తూరిని బట్టి తెలిసికొనును. పది ప్రతులున్న గ్రంథపు తునకలు పది పదిగా దొరకును, రెండే ప్రతులున్నదాని తునకలు రెండు రెండుగా దొరకును గనుక ఆ లెక్కయు తోడ్పడును. కంప్యూటరు చేయు పని సరిగా నిదియే. ప్రతి జీవిజాతికిని నాలుగేసి యక్షరముల కూర్పులను వాడుటలో తనదైన పాళమొకటి యుండును. దస్తూరి యనదగినది అదియే. ఈ పద్ధతిచే, ఎన్నడును పెంచని, కంటితో చూడని జీవుల జన్యుసంపుటములను గూడ ఇంచుమించు సంపూర్ణముగా కూర్పవచ్చును.

దీనిని మొదట చక్కగా నిరూపించినవారు జిలియన్ బాన్‌ఫీల్డ్ బృందమువారు. కాలిఫోర్నియాలో ఐరన్ మౌంటెన్ అనుచోట పాడుపడిన గనిలో, చర్మమును కాల్చునంత ఆమ్లజలముపై తేలు గులాబివన్నె మీగడను వారు 2004లో చదివిరి. అచ్చట బ్రతుకగల జాతులు పట్టుమని పదియు లేవు గనుక అతుకుట సులభమైనది. అదే సంవత్సరము క్రెయిగ్ వెంటర్, తన నావపై సర్గాసో సముద్రమునకు పోయి తెచ్చిన నీటి నుండి నూరుకోట్లకు మించిన అక్షరములను చదివించి, 12 లక్షల కొత్త జన్యువులను ఒక్కసారిగా ప్రకటించెను. వెంటరు ఆర్భాటము నచ్చనివారు శాస్త్రలోకమున చాలమంది కలరు. ఆ నమూనాలలో కనబడిన కొన్ని జాతులు సముద్రమునకు చెందినవి కావనియు, కల్తీవలన చేరినవనియు కొందరు శంకించిరి. నాకు మాత్రము, చిన్న గనిగుంటను పూర్తిగా చదివిన బాన్‌ఫీల్డు కార్యమే మహాసముద్రమును పైపైన చదివిన వెంటరు కార్యము కంటె గొప్పదిగా తోచును. ఒక చోట ఎవరెవరు కలిసి బ్రతుకుచున్నారో, వారిలో నైట్రోజనును గాలి నుండి పట్టువారెవరో, ఇనుమును తినువారెవరో అచ్చట స్పష్టముగా కనబడినది.

ఇట్టి పఠనము వలన రైతునకు సంబంధించిన విషయమొకటి తిరుగబడినది. పొలమున చల్లిన యూరియా అమ్మోనియాగా మారి, అది నైట్రైటుగాను, నైట్రైటు నైట్రేటుగాను మారునని వ్యవసాయ పాఠములలో చదువుకొందుము. ఈ రెండు మెట్లను రెండు వేర్వేరు జీవులు ఎక్కించునని 1890 ప్రాంతమున సెర్గై వినోగ్రాడ్‌స్కీ నిరూపించెను. నూటయిరువదియేండ్లకు పైగా ఆ మాట వేదవాక్యముగా చెల్లెను. 2015లో వియన్నా వారును, నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ వారును, వేర్వేరుగా, రెండు మెట్లకును సరిపడు జన్యువులు ఒకే నైట్రోస్పైరా జాతి జీవిలో ఉన్నట్లు చదివి, అది యొక్కటియే ఆ పనినంతయు చేయుచున్నదని చూపిరి. నైట్రోస్పైరా కొత్త జీవి కాదు. రెండవ మెట్టు మాత్రమే దానికి తెలియునని అందరు నమ్మియుండిరి. నైమేఖన్ వారి నమూనా చేపలపెంపకపు తొట్ల నీటిని శుద్ధిచేయు వడపోతయంత్రము నుండి తీసినది. నేడు సుబ్బారావుగారి భీమవరము చుట్టును వరిమళ్లు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయి, చెరువులో అమ్మోనియా పెరిగినదన్న మాట వినగానే రైతునకు నిద్రపట్టని కాలము వచ్చినది. బజారులో ప్రోబయాటిక్ అను పేర డబ్బాలుగను, పొట్లములుగను కొనితెచ్చి చెరువున పోయుచున్న జీవులు నిజముగా అచ్చట నిలిచి పెరుగుచున్నవా, లేక పూర్వమే యున్న స్థానిక జీవులే ఆ పని చేయుచున్నవా అని తేల్చుటకు ఈ పఠనపద్ధతి కంటె తగిన సాధనము కనబడదు. డబ్బాపై ముద్రించిన పేర్లను నమ్ముట కంటె చెరువునే అడుగుట మేలు.

ఇక మందుల మాటకు వత్తము. న్యూయార్కునందే రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున షాన్ బ్రాడీ బృందము, సుమారు రెండువేల మట్టి నమూనాల నుండి డి.ఎన్.ఏ.ను మాత్రమే తీసి, అందు క్రిమిసంహారక పదార్థములను తయారుచేయగల జన్యువులను వెదకెను. జీవిని పెంచలేదు, దాని జన్యువులను మాత్రము పెంపకమునకు లొంగిన వేరొక సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టి, దానిచేత పదార్థమును చేయించిరి. అట్లు లభించిన మాలసిడిన్లు, పెక్కు మందులకు లొంగని స్టాఫిలోకాకస్ క్రిమిని ఎలుకల గాయములలో చంపగలిగినవని 2018లో ప్రకటించిరి. మనుష్యులకు వాడు మందు కావలెనన్నచో ఇంకను చాల దూరము పోవలసియున్నది. ఎలుకలలో నెగ్గి మనుష్యులలో ఓడిన మందులు కోకొల్లలు.

ఆరియోమైసిన్ వంటి మందులు కర్మాగారముల నుండి మట్టికిని నీటికిని చేరిన విధమును చూడవలెనన్నచో మనము దూరదేశము పోనక్కరలేదు. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరులో, సుమారు 90 మందుల కర్మాగారముల వ్యర్థజలములను స్వీకరించు శుద్ధికేంద్రము విడిచిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందము పరీక్షించి, సిప్రోఫ్లాక్ససిన్ అను యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని 2007లో ప్రకటించెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండు గరిష్ఠ పరిమాణము కంటె అది యధికము. అట్టి నీటిలో బ్రతుకు బ్యాక్టీరియాలు ఎట్లు మారియుండునను ప్రశ్నకు సమాధానముగా, ఆ బృందమువారే సమీపమందలి కాజీపల్లి చెరువు అడుగు బురదలోని డి.ఎన్.ఏ.ను సమస్తముగా చదివి 2014లో ఫలితములను వెల్లడించిరి. మందులకు లొంగకుండ జేయు జన్యువులు అందు 81 రకములు కనబడినవి. ప్రధానమైన యాంటీబయాటిక్ వర్గములలో ఏ యొక్కటియు మినహాయింపు కాలేదు, టెట్రాసైక్లిన్లు సహా. పోలికకై తీసికొన్న స్వీడను చెరువులో అట్టి జన్యువులు ఎనిమిది మాత్రమే దొరకినవి. మొత్తము పరిమాణమును లెక్కించిచూడగా కాజీపల్లిలో అవి సుమారు ఏడువేల రెట్లు అధికముగా ఉన్నవి.

ఇందు సంఖ్య కంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. ఆ జన్యువులలో పెక్కింటి తోడనే, ప్లాస్మిడ్లనబడు చిన్న డి.ఎన్.ఏ. వలయములు కనబడినవి, తెలిసినవి 26, కొత్తవిగా తోచునవి 21. ప్లాస్మిడ్ అన్నది ఒక బ్యాక్టీరియా నుండి పొరుగు బ్యాక్టీరియాకు, వేరు జాతికి గూడ, చేతులు మారగలది. పెంచి చూచు పద్ధతిలో, మందునకు లొంగని జీవి యొకటి కనబడినచో దాని కథ అంతటితో ముగియును. చెరువు నంతటిని చదివినప్పుడు, ఆ లొంగకపోవుటను మోసికొనిపోవు వాహనములు సైతము లెక్కకు వచ్చినవి. చెరువు బురదలోని నిరపాయమైన బ్యాక్టీరియా వద్ద నున్న ఈ జన్యువు రేపు ఆసుపత్రిలోని ప్రమాదకరమైన క్రిమికి చేరుటకు దారి తెరచియున్నదని దీని భావము.

ఈ జన్యువులన్నియు మనము పుట్టించినవేయని తొందరపడి చెప్పుటయు సరికాదు. కెనడాలోని యూకాన్ ప్రాంతమున ముప్పదివేల యేండ్లుగా గడ్డకట్టియున్న నేలను త్రవ్వి, అందలి ప్రాచీన డి.ఎన్.ఏ.ను మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు చదివి, టెట్రాసైక్లిన్లకును పెనిసిలిన్ వర్గమునకును ఎదురొడ్డు జన్యువులు ఆనాడే యున్నవని 2011లో చూపిరి. సూక్ష్మజీవులు ఒకదానిపై నొకటి విషము చిమ్ముకొనుట మనుష్యుల కంటె ప్రాచీనమైన వ్యవహారము. ఆ విషమునకు విరుగుడు గూడ అంత ప్రాచీనమైనదే. మనము చేసినది, ఎక్కడనో కొద్దిగా నున్న ఆ విరుగుడును ఒక చెరువులో ఏడువేల రెట్లు పెంచి, చేతులు మారు వలయములలో నెక్కించి, ఊరి ప్రక్కన నిలువయుంచుట. ఈ భేదమును గ్రహింపక, నేలలో ఎచ్చటనో ఒక జన్యువు కనబడగానే గగ్గోలు పెట్టు వార్తలు కాజీపల్లి వంటి చోట్లను సాధారణమైన చోట్లతో కలిపివేసి, అసలు నేరమును తేలిక చేయుచున్నవి.

ఈ విద్యకు పరిమితులు లేకపోలేదు. అవి తెలియక వాడినచో అది దారి తప్పించును. కొన్ని బ్యాక్టీరియాల గోడలు దృఢమైనవి, గాజుపూసలకు పగులవు, అవి నమూనాలో నున్నను లెక్కలోనికి రావు. చచ్చిన కణముల డి.ఎన్.ఏ. మట్టిరేణువుల నంటుకొని చాలకాలము నిలిచియుండును గనుక, చదివినదంతయు బ్రతికియున్నవారి జాబితా కాదు. డి.ఎన్.ఏ.ను వేరుచేయుటకు అంగడిలో కొను రసాయనములలోనే కొంత బ్యాక్టీరియా డి.ఎన్.ఏ. కలిసియుండును, నమూనాలో జీవులు తక్కువగా నున్నప్పుడు ఈ కల్తీయే ఎక్కువై, లేని సమాజమొకటి ఉన్నట్లు భ్రమ కలిగించును. మరియు ఈ యంత్రములు ఇచ్చునవి పాళ్లే గాని సంఖ్యలు కావు: ఒక జాతి నూటికి పది నుండి ఇరువదికి పెరిగినదన్నచో, అది నిజముగా పెరిగినదో, తక్కినవి చచ్చినవో ఆ యంకెను చూచి చెప్పుట సాధ్యము కాదు. అన్నిటికంటె పెద్ద పరిమితి, జన్యువు సామర్థ్యమును మాత్రమే చెప్పును. చేయగల జీవి చేయుచున్నదా యని తెలిసికొనుటకు మరల జీవి దగ్గరకే పోవలెను.

అందువలననే పెంపకపు విద్య అంతరింపలేదు. దారి తెలిసిన తరువాత అది మరింత పదును తేరినది. సార్-11ను కనుగొని పండ్రెండేండ్లు గడచిన పిమ్మట, 2002లో, జియోవనోని బృందమువారే దానిని పెంచగలిగిరి. సంపన్నమైన పోషకద్రవ్యమును విడిచి, వడగట్టి శుభ్రపరచిన సముద్రజలమునే పాత్రలలో పోసి, ఒక్కొక్క పాత్రకు కొద్దిపాటి కణములు మాత్రమే వచ్చునట్లు పలుచన చేసి, వారములకొలది ఓర్పుతో కనిపెట్టుకొనియుండిరి. పళ్లెపు పద్ధతి తలక్రిందులు చేసినట్లున్న దీనివలన, దానికి సముద్రమెంత పేదదో అంత పేదతనమే కావలెనని తెలిసినది.

ఇంతకంటె విచిత్రమైన వృత్తాంతము జపానులో జరిగినది. గ్రీన్లాండునకును నార్వేకును నడుమ సముద్రగర్భమున, లోకీస్ కాసిల్ అను ఉష్ణజలద్వారముల సమీపపు బురదను చదివిన శాస్త్రజ్ఞులు, 2015లో, లోకి ఆర్కియా అను కొత్త వంశము నొకదానిని ప్రకటించిరి. మన కణములలో, అనగా మొక్కలు, శిలీంధ్రములు, జంతువులు, మనుష్యులు మొదలగు కేంద్రకము గల సమస్తజీవుల కణములలో మాత్రమే యుండునని యనుకొన్న జన్యువులు కొన్ని అందు కనబడినవి. ఆ వంశమునకు సన్నిహితమైన ఒక పూర్వజీవి నుండి మన కణము పుట్టినదను వాదమునకు బలము చేకూరెను. అంతవరకు దానిని ఎవ్వరును చూడలేదు. అక్షరములు మాత్రమే చదివిరి. సంశయించువారు, వేర్వేరు జీవుల ముక్కలను తప్పుగా అతికించిరేమోయనిరి. అయితే హిరోయుకి ఇమాచి అను జపాను శాస్త్రజ్ఞుడు 2006లోనే, అట్టి ఉద్దేశమేదియు లేక, జపాను తీరమునకు దూరముగా రెండున్నర వేల మీటర్ల లోతున తీసిన బురదను తెచ్చి, మీథేనును మాత్రము ఆహారముగా నిచ్చు యంత్రములో నుంచి, రెండువేల దినములకు పైగా నడిపి, దాని నుండి చిన్నచిన్న గొట్టములలోనికి మార్చి పెంచుచుండెను. గొట్టములలో పెరిగినదానిని చదివినప్పుడు, లోకి వంశమునకు బంధువైన జీవి అందున్నట్లు తేలెను. మొత్తము పండ్రెండేండ్ల శ్రమ తరువాత ఆ జీవి చేతికందినది. 2020లో దాని చిత్రములు లోకమునకు చేరినవి. గుండ్రని చిన్నకణము, దాని నుండి కొమ్మలు వేసిన సన్నని పోగులు. ఇరువది దినములకు అటునిటుగా ఒక్కసారి మాత్రమే అది రెండుగా విడివడును. అట్టి మందగమనము గల ప్రాణి ఒక్క రాత్రిలో పళ్లెము నిండవలెనను పద్ధతిలో నెన్నడు కనబడును?

ఆ జీవిని ఇమాచి ఒంటరిగా పెంచలేదు. పెంచుట సాధ్యము కాలేదు. అది అమైనో ఆమ్లములను తిని విడుచు హైడ్రోజనును ఎప్పటికప్పుడు తీసికొని మీథేనుగా మార్చు మరొక ఆర్కియా ప్రక్కన నున్నప్పుడే అది బ్రతుకును. నేటికిని ఇమాచి గొట్టములలో ఆ రెండును జంటగానే పెరుగుచున్నవి.